పద్నాలుగో తారీఖు పలక

ట్యాంకరు నీళ్ళు డ్రమ్ములో పోసి తెల్లారేదాకా కదపకుండా ఉంచితే ఎర్రమన్ను అడుగుకు దిగుతుంది. ఈశ్వరమ్మ పైనీళ్ళు మాత్రమే చెంబుతో ముంచి, బిందె మూతికి కట్టిన పాత పంచెగుడ్డ మీద సన్నగా పోస్తోంది. గుడ్డ మధ్యలో పల్లం పడినచోట నీళ్ళు నిలిచి నెమ్మదిగా లోపలికి దిగుతున్నాయి. తొందరపడితే ముడి వదులై మన్నంతా బిందెలో పడుతుంది.

“ఇట్ల తిరుగు,” అంది వెనకనుంచి అత్త ఆదిలక్ష్మమ్మ.

ఈశ్వరమ్మ చెంబు చేతిలో ఉంచుకునే తిరిగింది. ముసలామె కళ్ళు చికిలించి కోడలి నుదురు చూసింది. తర్వాత చేతులు చూసింది. ఎడమచేతికి గాజులు నాలుగే ఉన్నాయి.

“ఒకటేమాయ?”

“రాయి తగిలి పగిలింది.”

“సాయంత్రం వచ్చేటప్పుడు ఏసుకొని రా. బోసిచేతుల్తో కనబడితే వాడేమనుకుంటాడు?”

ఈశ్వరమ్మ మళ్ళీ బిందె వైపు తిరిగింది. ఇంకో చెంబు ముంచింది.

“పనికే పోతాండావా, ఆ లేబరాఫీసుకా?”

“పనికే.”

“నా కొడుకు సచ్చినాడని ఎవరో ఒకరు కాగితం రాసిచ్చేదాకా నీకు నిద్రపట్టదులే,” అంటూ ఆదిలక్ష్మమ్మ అరుగు మీదికి వెళ్ళి కూర్చుంది. అక్కడినుంచి మార్కాపురం రోడ్డు మలుపు కనిపిస్తుంది.

పలకల యార్డు ఓనరు హాజరు పుస్తకం ప్రకారం ఈశ్వరమ్మ మొగుడు సుబ్బన్న పోయిన సంవత్సరం జూలై పదకొండున పని మానేసి వెళ్ళిపోయాడు. పలకరాయి తవ్వే కొత్తగుంత గోడ కూలింది పద్నాలుగున. రాత్రంతా వాన పడ్డాక, పొద్దున్నే రాయి తీసి, మధ్యాహ్నం అందరూ పైన అన్నాలు తింటుంటే మోటారు మునిగిపోతుందని సుబ్బన్న ఒక్కడే దిగాడు. గుంతకు పర్మిషన్ లేదు. మాట బయటికొస్తే యార్డు మూతపడుతుందని ఎవరూ నోరు విప్పలేదు. రెండు రోజుల్లో గుంత నీళ్ళతో నిండిపోయింది. లోపల ఎవరూ లేరని ఓనరు అన్నాడు, పుస్తకం చూపించాడు. పద్నాలుగు పొద్దున తాను సద్ది కట్టి ఇచ్చానని ఈశ్వరమ్మ ఎన్నిసార్లు చెప్పినా ఆఫీసులో ఒకటే మాట. పుస్తకంలో లేదు కదమ్మా. నాలుగోసారి వెళ్ళినప్పుడు ఆ ఆఫీసరు కళ్ళజోడు తీసి ఆమెను తేరిపార చూసి, “నువ్వే బొట్టూ గాజులూ పెట్టుకొని వచ్చి మొగుడు పోయినాడంటే మేమెట్ల నమ్మేది?” అన్నాడు.

బొట్టు తీస్తే ఇంట్లో ముసలామె బతకదు. ఉంచుకుంటే ఆఫీసులో నమ్మరు. ఈశ్వరమ్మ గుడ్డ ముడి విప్పి, అడుగున చేరిన మన్ను దులిపి, ఆ గుడ్డను దండెం మీద ఆరేసింది.

ఆ సోమవారం యార్డులో చీపుర్లతో హడావుడి జరుగుతోంది. పలకల దొంతరల మధ్య దారులు ఊడ్చి నీళ్ళు చల్లారు. ఆఫీసు గది ముందు రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసి వాటి మీద తువ్వాళ్ళు పరిచారు.

“ఎవరొస్తాండారు?” అని అడిగింది ఈశ్వరమ్మ.

“అమెరికా మొగుడూ పెళ్ళాం,” అంది షరీఫాబీ. పలకలు తుడిచే ఆడవాళ్ళలో పెద్దది ఆమే. “అమెరికావాళ్ళే గానీ ఉండేది చైనాలో అంట. మనోళ్ళు అమెరికా పోవాలని వీసాకు సస్తాంటే, వీళ్ళేమో ఆడ్నించి చైనా పోయినారంట. తిక్క గాకపోతే ఏందే ఇది?”

“చైనాలో రాళ్ళు లేవా మనకాడికొచ్చేదానికి?”

“అదే నేనూ మన గుమస్తా బెన్నీని అడిగితి. ఉండాయంట. అయినా ఈమెకు ఈ రాయే కావాలంట.”

పదకొండు గంటలకు కారు దిగారు. ఆయన పేరు గ్లెన్, పొడుగు మనిషి, ఎండకు కమిలిన మెడ. ఆమె పేరు మార్తా. జుట్టు పూర్తిగా తెల్లబడింది, భుజానికి గుడ్డసంచీ. చాయ్ తెచ్చిచ్చిన షరీఫాబీకి గ్లెన్ తలవంచి “షియె షియె” అన్నాడు. వెంటనే నాలుక కరుచుకుని నవ్వాడు. చైనా మాటలో థాంక్స్ అంట, అలవాటులో వచ్చిందంట అని బెన్నీ చెప్పగానే ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ రోజంతా నీళ్ళబకెట్టు అందించినా, తట్ట దించినా ఒకరికొకరు “సీయె సీయె” అనుకుంటూనే ఉన్నారు.

యార్డు లెక్కలు రాసేది బెన్నీనే. గిద్దలూరు నుంచి పొద్దున రైలుకు వస్తాడు. ఇంగ్లీషు తెలిసినవాడు అతనొక్కడే. అతను ముందు నడుస్తుంటే మార్తా దొంతర దొంతర దగ్గరా ఆగుతోంది. ఆగినచోట ఈశ్వరమ్మ తడిగుడ్డతో పైపలక తుడవాలి. పొడి పలక బూడిదరంగులో చచ్చినట్టు ఉంటుంది. తడి తగిలితేనే లోపలి పచ్చదనం, తుప్పురంగు జీరలు బయటపడతాయి. మార్తా వంగి చూస్తుంది. తల అడ్డంగా ఊపుతుంది. ఈశ్వరమ్మ గుడ్డ పిండుకుని ఇంకో దొంతర దగ్గరికి వెళుతుంది.

షెడ్డు వెనక గోడకు ఆనించి పాత సరుకు ఉంది. మార్తా అటు చూపించింది. ఓనరు, “అది పాత మాలు మేడమ్,” అన్నాడు గానీ ఆమె అప్పటికే వెళ్ళిపోయింది. ముందు వరస రెండు దొంతరలు తొలగిస్తే వెనక ఇంకొకటి గోనెపట్టా కప్పుకుని ఉంది. ఈశ్వరమ్మ పట్టా లాగి, దుమ్ము ఊది, తడిగుడ్డతో పైపలకను ఒక్కసారి తుడిచింది.

తడి వెనకాలే గీతలు తేలాయి. మేకుతో గీసినవి. పిచ్చుక కాలులా మూడు గీతలు, పక్కన ఒక చుక్క. దాని కింద 14-7-23.

గుంతలో రాయి చీల్చే ప్రతి మనిషికీ ఒక గుర్తు ఉంటుంది. శనివారం లెక్కలో దొంతరలు కలగలిసిపోకుండా పైపలక మీద తన గుర్తు, చీల్చిన తేదీ గీసి పెడతారు. తీసిన రాయిని ఆ రోజే చీల్చాలి, ఆరితే విడదు. అందుకని రాసిన తేదీ అబద్ధం కాదు. సుబ్బన్న ఏడు అంకెకు నడుముకు అడ్డంగా ఒక గీత పెట్టేవాడు. ఇక్కడా ఉంది.

ఈశ్వరమ్మ చేతిలో గుడ్డ అట్లాగే ఆగిపోయింది. తలెత్తితే ఎదురుగా బెన్నీ. అతను కూడా ఆ గీతలే చూస్తున్నాడు. ఓనరు నాలుగడుగులు వెనక ఫోన్ మాట్లాడుతున్నాడు.

మార్తా గుసగుసగా ఏదో అంది. సంచీలోంచి ఫోన్ తీసి ఆ పలకను ఫోటో తీసింది. దొంతరను పక్కనుంచి తీసింది. మోకాళ్ళ మీద కూర్చుని అరచేయి పలక మీద ఆనించి కాసేపు అట్లాగే ఉండిపోయింది. ఆమె లేచేసరికి ఓనరు ఫోన్ జేబులో పెట్టుకుంటున్నాడు. బెన్నీ పక్క దొంతరలోంచి ఒక పలక ఎత్తి ఈ పలక మీద బోర్లించాడు.

“ఇదే కావాలంట సార్,” అన్నాడు ఓనరుతో. “ఇట్లాంటిదే ఇంకా ఎంతుంటే అంత.”

మర్నాడు మధ్యాహ్నం అన్నాలప్పుడు మార్తా కుర్చీ వదిలేసి ఆడవాళ్ళ దగ్గరికొచ్చి చింతచెట్టు నీడలో చదరపు రాయి మీద కూర్చుంది. షరీఫాబీ తన డబ్బాలోంచి గోంగూర అన్నం ముద్ద ఆకులో పెట్టి ఇచ్చింది. కళ్ళనీళ్ళు వచ్చినా మార్తా మొత్తం తినేసింది. తర్వాత పలకంత వెడల్పున్న ఫోన్ ఒకటి తెరిచి తమ ఇల్లు చూపించింది.

చైనాలో కొండల మధ్య ఊరు. మట్టిగోడలు, చివర్లు పైకి వంగిన పెంకుల కప్పు. ముంగిట్లో కోళ్ళు. గ్లెన్ నిచ్చెన మీద నిలబడి పెంకులు సర్దుతున్నాడు. పక్కింటి ముసలామె ఒకతె వీళ్ళ గడపలో కూర్చుని ఆవాకు కట్టలు కడుతోంది.

“ఆమె రోజూ వస్తుందంట,” అన్నాడు బెన్నీ. “వీళ్ళ మాట ఆమెకు తెలీదు, ఆమె మాట వీళ్ళకు సగమే తెలుసు. పొద్దున ఒక గిన్నె ఊరగాయ పెట్టి, పొయ్యి సరిగ్గా రాజేయలేదని తిట్టి పోతుందంట.”

“అత్తలేని కొరత తీర్చింది,” అంది షరీఫాబీ. బెన్నీ అది చెప్పగానే మార్తా గట్టిగా నవ్వింది.

“ఆ ఇంట్లో నాలుగు గదులు బాగుచేసి, తిరగడానికొచ్చేవాళ్ళకు ఇస్తారంట. నేలకు మన పలక.”

“ఎందుకు వదిలి వచ్చినారు సొంత ఊరు? అడుగు,” అంది ఈశ్వరమ్మ. ఆ రెండు రోజుల్లో ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

మార్తా ఫోన్ మూసి పక్కన పెట్టింది. చేతులు తుడుచుకుంది. తర్వాత చిన్నచిన్నగా చెప్పుకుంటూ పోయింది. బెన్నీ ఒక్కో ముక్కా అందుకుని తెలుగులో పెట్టాడు. వాళ్ళ ఊరు అడవి అంచున ఉండేది. ఒక ఎండాకాలం అడవికి నిప్పంటుకుని ఊరంతా కాలిపోయింది. వీళ్ళిద్దరూ అప్పుడు పక్క టౌనులో ఉన్నారు. ఆమె తల్లి ఇంట్లో ఉంది. నిప్పు చల్లారాక పోయి చూస్తే గోడలు లేవు, కప్పు లేదు. వంటింటి నేల మాత్రం మిగిలింది. అది రాతిపలక. ముప్పై ఏళ్ళ కింద వాళ్ళమ్మ ముచ్చటపడి వేయించుకున్న రాయి, ఇండియా నుంచి వచ్చిందని మాత్రం గుర్తుంది. తల్లి కనబడలేదు. ఎముక కూడా.

ఎవరూ నమలడం లేదు.

“ఎక్కడికైనా తప్పించుకుని పోయి ఉంటుందేమో అని ఆస్పత్రులన్నీ తిరిగినారంట. ఎనిమిది నెలలకు గవర్నమెంటు ఒక కాగితం ఇచ్చిందంట, చనిపోయినట్టే అని.” బెన్నీ ఒళ్ళోని పుస్తకం సర్దుకున్నాడు. “ఆ కాగితం వచ్చేదాకా అక్కడే ఉన్నారంట. వచ్చిన తర్వాత ఒక్క వారం కూడా ఉండలేకపోయినారంట. రెండు సంచులు సర్దుకుని రెండేళ్ళు ఊర్లు తిరిగినారు. రైళ్ళు, పడవలు. యాడా ఈమెకు నిద్రపట్టలేదు. ఆ చైనా ఊళ్ళో మొదటి రాత్రే నిద్రపట్టిందంట, అందుకని ఆడ్నే ఉండిపోయినారు.”

“ఇప్పుడు పడతాందా నిద్ర?” అని అడిగింది షరీఫాబీ.

మార్తా సమాధానం పొట్టిగా ఉంది. బెన్నీ దాన్ని తెలుగు చేశాడు.

“పడతాదంట. పొద్దున లేచి కాలు కింద పెట్టినప్పుడు మాత్రం, పాదానికి ఆ పాత నేల తగులుతాదేమోనని చూస్తాదంట.”

అన్నం డబ్బా మూత పెట్టుకుంటూ ఈశ్వరమ్మ ఆ కాగితం గురించే ఆలోచించింది. ఎముక దొరకలేదు. అయినా ఇచ్చారు. ఎవరో ఆఫీసులో కూర్చుని, ఆమె ఆ రోజు ఆ ఇంట్లో ఉందని ఒప్పుకుని, సంతకం పెట్టారు.

ఆడవాళ్ళు లేచాక ఆమె బెన్నీ వెనకే వెళ్ళింది.

“అంచులు ఎప్పుడు కోస్తారు?”

“రేప్పొద్దున. నాలుగు వైపులా కోసి, పైన రుద్ది, పెట్టెల్లో పెడతారు.”

“ఆ ఒక్కటి పక్కన పెట్టు బెన్నీ.”

అతను అటూ ఇటూ చూశాడు. “అక్కా, నన్నేమీ అడగొద్దు. నాకూ ఇల్లుంది.”

“నువ్వు చూసినావు గదా.”

“దాని మీద ఇంకో పలక బోర్లించింది ఎవరనుకుంటాండావు? నాతో అయ్యేది అంతే.” పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నాలుగున్నరకు మిషన్ కరెంటు ఆగినప్పుడు అందరూ చేతులు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి పోయారు. ఈశ్వరమ్మ షెడ్డు వెనక్కి వెళ్ళింది. పై పలక దించి, కింది పలక తీసి, తడి గోనెముక్కలో చుట్టి, అన్నం సంచీలో నిలువుగా దించింది. పై పలకను మళ్ళీ దొంతర మీద పెట్టింది. అడుగు పొడవు పలక. దాని అంచు సంచీ మూతి మీద కొద్దిగా కనబడుతోంది. కొంగు కప్పింది. గేటు దగ్గర షరీఫాబీ సంచీ వైపు చూసింది, ఈశ్వరమ్మ ముఖం చూసింది, వాచ్‌మన్‌కు అడ్డంగా నిలబడి, “నీ కోడలు నీళ్ళోసుకుందంటనే? మిఠాయేదయ్యా?” అని గట్టిగా నవ్వడం మొదలుపెట్టింది.

ఇంటికి వచ్చేసరికి ఆదిలక్ష్మమ్మ అరుగు మీద ఒక పక్కకు ఒరిగి కునుకు తీస్తోంది. ఈశ్వరమ్మ లోపలికి వెళ్ళి పలకను బియ్యం మూట వెనక గోడకు నిలబెట్టింది. ఆరిన పలక మీద గీతలు తెల్లగా స్పష్టంగా ఉన్నాయి. చుక్క దగ్గర మేకు బాగా దిగింది. సుబ్బన్న చుక్క పెట్టేటప్పుడు మేకును అక్కడే నిలిపి అటూ ఇటూ తిప్పేవాడు. ఆమె చిటికెనవేలు ఆ గుంటలో పెట్టి చూసింది.

రేపు ఆఫీసుకు పోవాలి. లేదు, పలక ఒక్కటీ చూపిస్తే నువ్వే గీసుకున్నావంటారు. దొంతర ఫోటో ఆ దొరసాని ఫోన్‌లో ఉంది. ఆమెను అడగాలి. అడగాలంటే బెన్నీ నోటితోనే అడగాలి.

“ఏం జేస్తాండావు ఆడ?” అని బయటినుంచి కేక.

“బియ్యం కొలుస్తాండా.”

“గాజు ఏసుకొచ్చినావా?”

మరిచిపోయింది. ఆ మాటే చెప్పింది. ముసలామె చాలాసేపు సణిగింది. అన్నం తినేటప్పుడు మాత్రం మెత్తబడి, “పల్లెల్లో తిరిగే స్టీలుసామాన్లాయన చెప్పినాడు, బేస్తవారిపేట సంతలో మనవాడి లాంటి మనిషిని చూసినాడంట. ఎడమభుజం ఎత్తి నడుస్తాండాడంట,” అంది.

ఈ ఏడాదిలో ఇట్లాంటివి ఎన్నో వచ్చాయి. నంద్యాల రైల్లో ఒకసారి. శ్రీశైలం మెట్ల మీద ఒకసారి. ప్రతిసారీ ఈశ్వరమ్మ కాదని తెలిసీ ఒక క్షణం చెయ్యి ఆపేది. ఆ సాయంత్రం మొదటిసారి ఆపలేదు. కలిపిన ముద్ద కలిపినట్టే తినేసింది. తిన్నాక, ఆపలేదన్న సంగతి తెలిసి, కంచం ముందు కదలకుండా కూర్చుండిపోయింది.

“ఏందే అట్ల జూస్తావు?”

“ఏంలేదత్తా. ఉప్పు ఎక్కువైందా?”

“నీ తలకాయ. సరిపోయింది.”

బుధవారం ఈశ్వరమ్మ పనికి పోలేదు. పలక పోయిన సంగతి బయటపడుతుందని భయపడి, జ్వరమని కబురు పంపింది. మధ్యాహ్నం రెండింటప్పుడు ఇంటి ముందు కారు ఆగింది. ముందు బెన్నీ దిగాడు. వెనక తలుపు తెరుచుకుని మార్తా దిగింది. ఒంటరిగానే వచ్చింది.

“గ్లెన్ సార్ పెట్టెల కాడ ఉన్నాడు,” అన్నాడు బెన్నీ అడగకుండానే. గడపలో చెప్పులు విడుస్తూ తెలుగులో గబగబా అన్నాడు. “అక్కా, పెట్టెలో పెట్టేటప్పుడు ఈమె రాతలున్న పలక ఏదని అడిగింది. ఏ రాతలని ఓనరు ఫోటో చూపించమన్నాడు. చూసినాడు. నువ్వు రాలేదని తెలుసుకొని, పలక నీకాడే ఉంటాది, పోయి తెమ్మని నన్ను తోలినాడు. నేనూ వస్తానని ఈమె కారెక్కింది. ఆ గుర్తు గీసిన మనిషిని చూడాలంట. ఆయన పని మాని వేరే ఊరు పోయినాడని చెప్పమన్నాడు ఓనరు. అట్లనే చెప్పినా.”

“చెప్పినావా?”

బెన్నీ విడిచిన చెప్పులు గోడవారకు జరిపాడు.

మార్తా మంచం మీద కూర్చోలేదు. ఆదిలక్ష్మమ్మ ఎదురుగా నేల మీద చాప చూసి దాని మీద కూర్చుంది. ముసలామె ఆమె తెల్లజుట్టునూ, మట్టిగొట్టుకున్న పాదాలనూ చూసి తృప్తిపడినట్టు తలూపింది.

“ఈమేనా ఊర్లు తిరిగేది?”

“అవునవ్వా. ఇప్పుడు చైనాలో ఉంటారు.”

“ఎన్ని ఊర్లు తిరిగింటాది?”

బెన్నీ అడిగి చెప్పాడు. లెక్కపెట్టలేదంట. ఆదిలక్ష్మమ్మ ముందుకు జరిగింది. రవిక లోపలినుంచి గుడ్డసంచీ తీసింది. దాంట్లోంచి ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన ఫోటో ఒకటి తీసి, మార్తా అరచేయి తెరిచి అందులో పెట్టింది. ఆధార్ కార్డు కోసం తీయించిన ఫోటో. సుబ్బన్న కళ్ళు పెద్దవి చేసి చూస్తున్నాడు.

“మా సుబ్బడు. ఎడమభుజం ఎత్తి నడుస్తాడు. రాయి పని తప్ప ఇంకోటి రాదు వాడికి. ఆ దేశంలో కూడా రాతిపని ఉంటాది గదా నాయనా? ఆడ యాడన్నా కనబడినాడేమో అడుగు. కనబడకపోయినా, పోయినాక చూడమను. ఎవరూ ఏమీ అనుకోవట్లేదు, రమ్మన్నారని చెప్పమను.”

ఈశ్వరమ్మ గోడకు ఆనుకుంది. బెన్నీ ముసలామె మాటలు వింటూ నేల వైపు చూస్తున్నాడు. మార్తా అతని కోసం ఎదురుచూస్తోంది.

“చెప్పు నాయనా. ఏంది ఆలోచన?”

బెన్నీ మొదలుపెట్టాడు. అతని ఇంగ్లీషు ఈశ్వరమ్మకు అర్థం కాదు గానీ, మాటలు ఎంత పొడుగో వినబడుతుంది. ముసలామె అడిగింది ఐదారు మాటలు. బెన్నీ చెబుతున్నది ఆగడం లేదు. మధ్యలో “సుబ్బన్న” అన్నాడు. “జూలై” అన్నాడు. “ఓనరు” అన్నాడు. ఒకచోట చూపుడువేలుతో తన రొమ్ము తానే తట్టుకున్నాడు.

మార్తా చేతిలో ఫోటో నెమ్మదిగా ఒడిలోకి దిగింది. ఆమె ఒక్క ప్రశ్న అడిగింది.

“ఏమంటాది? చూసిందంటనా?” అంది ఆదిలక్ష్మమ్మ.

“ఆ పలక ఇక్కడుందా అని అడుగుతాంది,” అన్నాడు బెన్నీ, ఈశ్వరమ్మ వైపు తిరిగి.

ఈశ్వరమ్మ లోపలికి వెళ్ళింది. బియ్యం మూట వెనక చెయ్యి పెట్టి ఆగింది. ఏడాదిపాటు ఈ తారీఖు కోసం బస్సులెక్కింది, వరండాల్లో నిలబడింది, కాగితాల మీద వేలిముద్రలేసింది. ఇప్పుడు దాన్ని పట్టుకుని నాలుగడుగులు వేయాలి. బయట ముసలామె, “ఏం పలక? ఎవరి పలక?” అంటోంది.

తెచ్చి చాప మీద పెట్టింది.

ఆదిలక్ష్మమ్మకు అక్షరాలు రావు. కానీ కొడుకు పిచ్చుక కాలు గుర్తు ఆమెకు తెలుసు. మొదటిసారి పనికి పోయినప్పుడు ఏ గుర్తు పెట్టుకోవాలో తోచక వాడు ఈ అరుగు మీదే బొగ్గుతో గీసి గీసి చూసుకున్నాడు. ఆమె వంగి వేలితో మూడు గీతల మీదా రాసింది. చుక్క దగ్గర ఆగింది.

“వాడిదే,” అంది సంతోషంగా. “యాడిది ఇది? ఎప్పుడు గీసినాడు? ఈ మధ్యనే వచ్చినాడా?”

ఆమె బెన్నీ వైపు చూసింది.

“చదువు నాయనా. కింద అంకెలున్నాయి గదా.”

“అవ్వా,” అన్నాడు బెన్నీ. “పద్నాలుగో తారీఖు. పోయినేడు జూలై. కొత్తగుంత కూలిన రోజు. పొద్దున ఈ రాయి చీల్చి, గుర్తు గీసి, మధ్యాన్నం లోపలికి దిగినాడు. నేను చూసినా. సాయంత్రం పుస్తకంలో పదకొండు అని మార్చి రాయమన్నారు. రాసింది నేనే.”

ఈశ్వరమ్మకు ఈ మాటలు ఏ వరుసలో వస్తాయో తెలుసు. ఏడాదిగా ప్రతి ఆఫీసు మెట్టు ఎక్కేటప్పుడూ ఎవరి నోట్లోనైనా ఇవే మాటలు పెట్టి వింటూ వచ్చింది. ఇప్పుడు వినబడుతుంటే ఆమెకు వెళ్ళి బెన్నీ నోరు మూయాలనిపించింది.

“చాలు బెన్నీ,” అంది.

“లేదక్కా. చెప్పనీ. ఈమె ఫోటోలు పంపిస్తానంది. నేను కూడా రేపు నీతో వస్తా. ఆ ఆఫీసులో చెబుతా. పని పోతే పోయింది.”

“చాలన్నానా!”

మార్తాకు ఎవరూ ఏదీ ఇంగ్లీషులో చెప్పడం లేదు. ఆమె ముసలామెనే చూస్తోంది. ఒడిలోని ఫోటో తీసి, ప్లాస్టిక్ కాగితం మడతలు సరిచేసి, రెండు చేతులతో తిరిగి ఇచ్చింది.

ఆదిలక్ష్మమ్మ ఫోటో అందుకుంది. గుడ్డసంచీలో పెట్టుకోలేదు. పలకను చాప మీదనే కొద్దిగా పక్కకు జరిపింది, ఎవరి కాళ్ళకైనా తగులుతుందేమోనన్నట్టు. తర్వాత కోడలి వైపు తలెత్తింది. నుదుటి మీది బొట్టు చూడలేదు. కళ్ళల్లోకి చూసింది. ఆ చూపులో కోపం ఉంటుందని ఈశ్వరమ్మ అనుకుంది. లేదు. నీకు ముందే తెలుసు గదా అని మాత్రం ఉంది. ఇన్నాళ్ళూ ఒక్కదానివే మోసినావా అని కూడా ఉందేమో. ఈశ్వరమ్మ తేల్చుకోలేకపోయింది.

“అత్తా,” అంది.

ముసలామె గోడ పట్టుకుని లేచింది. జారిన కొంగు తల మీదికి లాక్కుంది. మార్తా లేవబోతే ఈశ్వరమ్మ ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

బెన్నీ ద్వారం నుంచి పక్కకు తప్పుకున్నాడు. ఆదిలక్ష్మమ్మ అతన్ని దాటింది, గడప దాటింది, కారు పక్కనుంచి నడిచి, మార్కాపురం రోడ్డు వైపు కాకుండా, గుంతలకు పోయే బండిబాట పట్టి వెళ్ళిపోయింది.